లీ రిచ్మండ్ రూస్: జీతం తీసుకోని గోల్‌కీపర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫుట్‌బాల్ తొలినాళ్ల గోల్‌కీపర్ల మాట ఎక్కడ వచ్చినా లీ రిచ్మండ్ రూస్ పేరు వినిపిస్తుంది. వెంటనే ఆయన చేసిన అల్లరి, వేసిన వేషాలు, క్లబ్బులకు పంపిన బిల్లులు ఏకరువు పెడతారు. ఆయన గోల్ ముందు నిలబడి ఏం చేశారో, దానివల్ల ఆట ఎలా మారిందో చెప్పేవారు తక్కువ. అందుకే ఈ ప్రశ్నలకు కాస్త తీరిగ్గా జవాబులు రాస్తున్నాను. కథలు కూడా ఉంటాయి. వాటిలో ఏది ఎంతవరకు నమ్మవచ్చో అక్కడక్కడా చెబుతాను.

రూస్ ఎవరు? ముందు క్లుప్తంగా చెప్పండి.

వేల్స్ దేశపు గోల్‌కీపర్. 1877 నవంబరు 27న పుట్టారు. 1916 అక్టోబరు 7న, మొదటి ప్రపంచయుద్ధంలో సోమ్ రణరంగంలో చనిపోయారు. అప్పటికి వయసు 38. 1900 నుంచి 1911 వరకు వేల్స్ తరఫున 24 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడారు. ఇంగ్లండ్‌లో స్టోక్, ఎవర్టన్, సండర్లాండ్ లాంటి పెద్ద క్లబ్బుల గోల్ కాపాడారు. ఇంత చేసి ఒక్క వారం కూడా ఆటగాడిగా జీతం పుచ్చుకోలేదు. చివరిదాకా అమెచ్యూర్‌గానే మిగిలారు.

ఎక్కడి మనిషి? ఫుట్‌బాల్‌లోకి ఎలా వచ్చారు?

రెక్సమ్ పట్టణానికి దగ్గరలో, వేల్స్–ఇంగ్లండ్ సరిహద్దును ఆనుకుని హోల్ట్ అనే ఊరు ఉంది. రూస్ అక్కడ పుట్టారు. తండ్రి ప్రెస్బిటేరియన్ చర్చిలో మతబోధకుడు. చదువుకున్న, పద్ధతిగల కుటుంబం. గనుల్లోనో మిల్లుల్లోనో పని చేస్తూ శనివారం మధ్యాహ్నం బంతి ఆడే కుర్రాళ్ల ప్రపంచం కాదు అది. తరువాతి కథలో ఈ తేడా చాలాసార్లు అడ్డుపడుతుంది కనుక గుర్తుపెట్టుకోండి.

పై చదువుకు వేల్స్ పడమటి తీరంలోని అబెరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయ కళాశాలకు వెళ్లారు. అక్కడే ఆ ఊరి జట్టుకు గోల్‌కీపర్ అయ్యారు. 1900లో అబెరిస్ట్‌విత్ జట్టు ఫైనల్‌లో డ్రూయిడ్స్‌ను 3-0తో ఓడించి వెల్ష్ కప్పు గెలిచింది. డ్రూయిడ్స్ అంటే అప్పట్లో చిన్న పేరు కాదు, ఆ కప్పును అంతకుముందు ఎన్నోసార్లు ఎత్తుకుపోయిన జట్టు. అలాంటి జట్టు ఫైనల్లో ఒక్క గోల్ కూడా వేయలేకపోయింది.

అదే సంవత్సరం ఫిబ్రవరిలో లాన్‌డిడ్నోలో ఐర్లండ్‌పై ఆడి వేల్స్ జట్టులో అడుగుపెట్టారు. ఆ మ్యాచ్‌నూ వేల్స్ 2-0తో గెలిచింది. తరువాత వైద్యం చదవాలని లండన్ చేరారు.

అయితే డాక్టర్ అయ్యారా?

కాలేదు. లండన్‌లోని కింగ్స్ కాలేజీలో చదువు మొదలుపెట్టారు కానీ పట్టా పుచ్చుకోలేదు.

అమెచ్యూర్ అంటే సరిగ్గా ఏమిటి? మొదటి డివిజన్‌లో జీతం లేకుండా ఆడటం సాధ్యమేనా?

ఇంగ్లండ్‌లో ఆటగాళ్లకు జీతాలివ్వడాన్ని ఫుట్‌బాల్ అసోసియేషన్ 1885లో అనుమతించింది. రూస్ ఆడే కాలానికి లీగ్‌లో దాదాపు అందరూ ప్రొఫెషనల్సే. వారికి 1901 నుంచి వారానికి 4 పౌండ్లకు మించి ఇవ్వకూడదని పరిమితి పెట్టారు. పైగా ఒక క్లబ్బుకు సంతకం చేశాక, ఆ క్లబ్బు వదిలితే తప్ప లీగ్‌లో ఇంకో క్లబ్బుకు వెళ్లే వీలుండేది కాదు. ఆటగాడు క్లబ్బు సొత్తు అన్నట్టే.

అమెచ్యూర్‌కు ఈ రెండు సంకెళ్లూ లేవు. జీతం ఉండదు, ప్రయాణం, బస, భోజనం ఖర్చులు మాత్రం క్లబ్బు నుంచి తీసుకోవచ్చు. నచ్చితే ఆడతాడు, నచ్చకపోతే మరో క్లబ్బుకు వెళతాడు. రూస్ ఈ స్వేచ్ఛను పూర్తిగా వాడుకున్నారు. ఆయన క్లబ్బుల జాబితా అంత పొడుగ్గా ఉండటానికి కారణం నిలకడలేనితనం కాదు. ఎవరి అనుమతీ అడగనక్కరలేని స్థితిలో ఆయన ఉండటమే.

ఇందులో వర్గభేదం ఉందన్న మాటను దాచడం నాకు ఇష్టం లేదు. ఇల్లు గడవాల్సిన కార్మికుడికి అమెచ్యూర్‌గా ఉండే అవకాశమే లేదు. మతబోధకుడి కొడుకు, లండన్‌లో వైద్యవిద్యార్థి అయిన రూస్‌కు ఉంది. ఆయన ప్రతిభ మీద నాకున్న గౌరవం ఈ నిజం వల్ల తగ్గదు. కానీ అదే గోల్ ముందు అంతే కష్టపడిన ప్రొఫెషనల్ కీపర్లు క్లబ్బు మారడానికి యాజమాన్యాన్ని బతిమాలుకోవలసి వచ్చిందని చెప్పకుండా రూస్ కథ చెప్పడం న్యాయం కాదు.

ఖర్చుల బిల్లుల కథలు నిజమేనా?

రెండు కథలు ఎక్కువగా తిరుగుతున్నాయి. మొదటిది రైలు కథ. బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ విల్లాతో స్టోక్ మ్యాచ్ ఉందట. లండన్‌లో రూస్ రైలు తప్పిపోయిందట. ఆయన ఏకంగా ఒక ప్రత్యేక రైలునే అద్దెకు తీసుకుని వెళ్లి, 31 పౌండ్ల బిల్లు స్టోక్ క్లబ్బుకు పంపారట. జీతం 4 పౌండ్లకు మించని రోజుల్లో అది ఒక ప్రొఫెషనల్‌కు దాదాపు ఎనిమిది వారాల సంపాదన.

రెండోది సండర్లాండ్ కథ. ఖర్చులకు లెక్క చూపమంటే, ప్రత్యర్థులను దూరంగా ఉంచడానికి పిస్తోలుకు ఇంత, పని లేనప్పుడు చలికి కోటుకూ చేతి తొడుగులకూ ఇంత, మ్యాచ్‌కు ముందూ తరువాతా మరుగుదొడ్డికి వెళ్లినందుకు ఇంత అని పెన్నీలతో సహా రాసి పంపారట.

ఈ రెండింటినీ నేను కథలుగానే చెబుతున్నాను. నోటి నుంచి నోటికి వచ్చినప్పుడు అంకెలు పెరుగుతాయి. అయితే రూస్ దుబారా మనిషన్న పేరు ఆయన జీవించి ఉన్నప్పుడే ఉంది. జీతం లేదన్న మాటే గానీ ఆయన ఫుట్‌బాల్ మీద దర్జాగా బతికారు.

ఆ రోజుల్లో గోల్‌కీపర్‌కు ఎలాంటి నియమాలు ఉండేవి?

రూస్‌ను అర్థం చేసుకోవాలంటే ముందు ఇది తెలియాలి.

ఇప్పుడు కీపర్ తన పెనాల్టీ ఏరియాలో, అంటే గోల్ ముందు గీసిన పెద్ద దీర్ఘచతురస్రంలో మాత్రమే చేత్తో బంతిని ముట్టుకోవచ్చు. అప్పుడు అలా కాదు. 1887 నుంచి 1912 వరకు తన జట్టు సగం మైదానమంతా చెయ్యి వాడవచ్చు. మధ్యగీత దాటకూడదు, అంతే. 1901 వరకు 'గోల్‌ను కాపాడుకోవడం కోసం' అన్న షరతు ఉండేది, ఆ సంవత్సరం దాన్ని కూడా తీసేశారు. బంతిని పట్టుకుని మాత్రం రెండు అడుగులకు మించి నడవకూడదు. నేలకేసి కొడుతూ పోతే ఆ నియమం అడ్డు రాదు.

ఇంత వెసులుబాటు ఉంటే కీపర్లందరూ ముందుకు పరుగెత్తాలి కదా అనిపిస్తుంది. ఎందుకు పరుగెత్తలేదంటే భుజం దెబ్బ వల్ల. బంతి చేతిలో ఉన్న కీపర్‌ను ప్రత్యర్థి ఫార్వర్డులు భుజంతో గుద్ది పడేయవచ్చు. అది ఫౌల్ కాదు, ఆటలో భాగం. బంతితో సహా కీపర్‌ను గోల్‌లోకి నెట్టినా గోల్ గోలే. అందుకే చాలామంది కీపర్లు గీత మీదే నిలబడి, వచ్చిన బంతిని పట్టుకోవడం మాని పిడికిలితో గుద్దో, కాలితో తన్నో దూరంగా పంపేసేవారు. చేతిలో బంతి ఎంతసేపు ఉంటే అంత ప్రమాదం.

ఇంకో రెండు విషయాలు. ఇప్పుడు మనకు తెలిసిన దీర్ఘచతురస్రపు పెనాల్టీ ఏరియా 1902లో వచ్చింది. పెనాల్టీ కిక్ తీస్తున్నప్పుడు కీపర్ గీత మీదే ఉండాలన్న నియమం 1905లో వచ్చింది. అంతకుముందు ఆరు గజాలు ముందుకు వచ్చి నిలబడవచ్చు. అంటే రూస్ ఆడుతూ ఉండగానే ఆయన కాళ్ల కింద మైదానం గీతలు మారుతూ వచ్చాయి.

రూస్ ఆటలో కొత్తదనం ఏమిటి?

నియమం ఇచ్చిన స్థలాన్ని పూర్తిగా వాడుకోవడం. పుస్తకంలో రాసి ఉన్న హక్కును మిగతావారు భయంతో వదిలేస్తే రూస్ తీసుకున్నారు.

ఆయన ఆట తీరు ఇలా ఉండేది. ప్రత్యర్థి పొడుగ్గా కొట్టిన బంతి డిఫెండర్లను దాటి వచ్చిందనుకోండి. గీత మీది కీపరైతే ఫార్వర్డ్ బంతిని అందుకుని గోల్ వైపు వచ్చేదాకా వేచి ఉంటాడు. రూస్ వేచి ఉండరు. ఫార్వర్డ్ కన్నా ముందే బంతి దగ్గరికి చేరి, చేత్తో అందుకుని, రెండు అడుగుల నియమం తగలకుండా నేలకేసి కొట్టుకుంటూ మధ్యగీత దాకా వెళ్లిపోతారు. అక్కడి నుంచి బంతిని విసురుతారు లేదా బలంగా తన్నుతారు. అంటే అప్పటిదాకా దాడి చేస్తున్న జట్టు వెనక్కి తిరిగేలోపే దాని మీద ఎదురుదాడి మొదలవుతుంది. గోల్‌కీపర్ దాడికి తొలి అడుగు వేయడం మనకు ఇప్పుడు మామూలు సంగతి. 1903లో చూసినవారికి అది పిచ్చితనంలా కనిపించి ఉండాలి.

దానికి తగ్గ శరీరం కూడా ఆయనకుంది. ఆరడుగులు దాటిన ఎత్తు, 85 కిలోల చేరువలో బరువు. భుజంతో గుద్దడానికి వచ్చినవాడే ఎగిరిపడేలా ఎదురు వెళ్లేవారు. పిడికిలితో బంతిని గుద్దితే చాలా దూరం వెళ్లేది. చేతి విసురు కూడా అంతే పొడుగు. అయితే బలం ఒక్కటే చాలదు. గోల్ ఖాళీగా వదిలి 30 గజాలు ముందుకు వచ్చిన కీపర్ ఒక్క క్షణం ఆలస్యం చేస్తే వేలమంది ముందు నవ్వులపాలవుతాడు. బయలుదేరాలా, ఆగాలా అన్న నిర్ణయం బంతి ఇంకా గాలిలో ఉండగానే జరిగిపోవాలి. రూస్ గొప్పతనం చేతుల్లోనో భుజాల్లోనో లేదు, ఆ నిర్ణయంలో ఉందని నా గట్టి అభిప్రాయం.

దీన్ని ఆయన ఊరికే అదృష్టం మీద ఆధారపడి చేయలేదనడానికి సాక్ష్యం కూడా ఉంది. 1906లో గోల్‌కీపింగ్ కళ గురించి స్వయంగా ఒక వ్యాసం రాశారు. భుజం దెబ్బల భయంతో కీపర్లు బయటికి రావడానికి జంకుతున్నారని, అది పొరపాటని అందులో ఆయన వాదన. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి అని కూర్చుని ఆలోచించిన మనిషి మాటలవి.

మరి పొరపాట్లు చేయలేదా?

చేశారు. అలా ఆడే కీపర్ ఎవరైనా చేస్తారు. ముందుకు వచ్చి బంతి అందక ఖాళీ గోల్‌లోకి చూస్తూ నిలబడిన సందర్భాలు ఆయనకూ ఉన్నాయి. వాటిని చూసి ఆయన్ను నిలకడలేని కీపర్ అన్నవారు అప్పుడూ ఉన్నారు. కానీ ఆయన ముందుకు రావడం వల్ల అసలు షాటే పడకుండా పోయిన సందర్భాలను ఎవరూ లెక్కపెట్టలేదు. గోల్‌కీపర్ వృత్తిలో ఉన్న అన్యాయమే ఇది. ఆపిన ప్రమాదం ఎవరికీ కనిపించదు.

ఏయే క్లబ్బులకు ఆడారు?

1901లో స్టోక్‌లో చేరారు. మధ్యలో ఒక విరామంతో రెండు దఫాలుగా అక్కడ దాదాపు 150 లీగ్ మ్యాచ్‌లు ఆడారు. ఆ విరామం 1904–05లో ఎవర్టన్‌తో గడిచింది. ఆ సీజన్‌లో ఎవర్టన్ ఒకే ఒక్క పాయింటు తేడాతో న్యూకాజిల్‌కు లీగ్ టైటిల్ వదులుకుంది. ఎఫ్.ఏ. కప్పు సెమీఫైనల్‌లో ఆస్టన్ విల్లా చేతిలో రీప్లేలో ఓడింది. రెండు పెద్ద బహుమతులు ఒకే వసంతంలో చేతిదాకా వచ్చి జారిపోయాయి. ఇంగ్లండ్‌లో రూస్‌కు పెద్ద ట్రోఫీ ఏదీ దక్కలేదు.

మళ్లీ స్టోక్. ఆ జట్టు 1907లో రెండో డివిజన్‌కు పడిపోయింది. 1908 జనవరిలో సండర్లాండ్ వెళ్లారు. 1910లో సెల్టిక్‌కు ఒకే ఒక్క మ్యాచ్. ఆ తరువాత హడర్స్‌ఫీల్డ్ టౌన్, ఆస్టన్ విల్లా, చివరికి 1911–12లో వూలిచ్ ఆర్సెనల్. ఇప్పుడు ఆర్సెనల్ అంటున్నది ఆ క్లబ్బునే.

సెల్టిక్ మ్యాచ్ ఆయన జీవితపు తీరును బాగా చూపిస్తుంది. స్కాటిష్ కప్పు సెమీఫైనల్ ముందు సెల్టిక్ కీపర్ డేవీ ఆడమ్స్‌కు న్యుమోనియా వచ్చింది. ఒక మ్యాచ్ కోసం రూస్‌ను పిలిచారు, ఆయన వెళ్లారు. సెల్టిక్ 3-1తో క్లైడ్ చేతిలో ఓడింది. గోల్ కొట్టిన క్లైడ్ ఆటగాడి వెంట రూస్ పరుగెత్తి మరీ చేయి కలిపి అభినందించారని చెబుతారు. సెల్టిక్ అభిమానులకు అది ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

లివర్‌పూల్‌లో 7-0తో ఓడిన మ్యాచ్ కథ ఏమిటి?

1902 జనవరి 4. స్టోక్ జట్టు లివర్‌పూల్ మైదానంలో ఆడాలి. మ్యాచ్‌కు ముందు భోజనంలో ఆటగాళ్లు చేపలు తిన్నారు. ఆ చేపలు చెడిపోయి ఉన్నాయి. ఆట మొదలైన కొద్దిసేపటికే రూస్ కడుపు పట్టుకుని మైదానం వదిలి పరుగెత్తారు. ఆయన వెనుక మరికొందరు. ప్రత్యామ్నాయ ఆటగాళ్లు అన్న పద్ధతే లేని కాలం. ఒక దశలో స్టోక్ తరఫున ఏడుగురే మైదానంలో మిగిలారు. లివర్‌పూల్ 7-0తో గెలిచింది. ఆండీ మెక్‌గిగన్ ఒక్కరే ఐదు గోల్స్ కొట్టారు. రికార్డు పుస్తకాల్లో ఆ ఐదు గోల్స్ మిగతా గోల్స్ పక్కనే మామూలుగా కూర్చుని ఉంటాయి.

సండర్లాండ్ అభిమానులు ఆయన్ను ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటారు?

ఆయన చేరేటప్పటికి జట్టు కిందికి పడిపోయే ప్రమాదంలో ఉంది. బయటపడింది. తరువాతి సీజన్‌లో లీగ్‌లో మూడో స్థానానికి ఎక్కింది. ఆ సీజన్‌లోనే 1908 డిసెంబరు 5న జరిగిన మ్యాచ్‌ను ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పొరుగూరి ప్రత్యర్థి న్యూకాజిల్‌ను, వారి సొంత మైదానంలో, సండర్లాండ్ 9-1తో ఓడించింది. విరామానికి స్కోరు 1-1. రెండో సగంలో ఎనిమిది గోల్స్. న్యూకాజిల్ కొట్టిన ఒక్క గోల్ పెనాల్టీ నుంచి వచ్చింది. అంటే ఆడుతున్న బంతితో రూస్‌ను ఎవరూ దాటలేకపోయారు. చిత్రం ఏమిటంటే, ఆ సీజన్‌లో లీగ్ ఛాంపియన్ న్యూకాజిలే.

1910 నవంబరులో అదే న్యూకాజిల్‌తో ఆడుతుండగా రూస్ మణికట్టు విరిగింది. సండర్లాండ్‌తో ఆయన బంధం అక్కడే తెగింది. క్లబ్బు ఆయన కోసం సన్మాన మ్యాచ్ పెట్టాలనుకుంది. అమెచ్యూర్‌కు మ్యాచ్ వసూళ్లు ఇవ్వడం కుదరదని ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒప్పుకోలేదు. చివరికి సండర్లాండ్ మేయర్ చేతుల మీదుగా చిత్రాలంకరణతో కూడిన సన్మానపత్రం ఇచ్చారు. ఇన్నాళ్లూ ఆయనకు లాభం చేకూర్చిన అమెచ్యూర్ హోదా, గాయపడి అవసరమైన వేళ డబ్బు అందకుండా అడ్డుపడింది.

స్టోక్ అభిమానులు ఆయన్ను నదిలో పడేయబోయారా?

పడేయబోయారు. 1910 ఏప్రిల్‌లో నార్త్ స్టాఫర్డ్‌షర్ జిల్లా లీగ్ టైటిల్ తేల్చే మ్యాచ్‌లో స్టోక్ రిజర్వ్ జట్టు, పోర్ట్ వేల్ తలపడ్డాయి. రెండూ ఒకే ప్రాంతపు జట్లు, ఒకరంటే ఒకరికి పడదు. ఆ మ్యాచ్ కోసం పోర్ట్ వేల్ బయటి నుంచి పెద్ద ఆటగాళ్లను తెచ్చుకుంది. వారిలో రూస్ ఒకరు. పాత స్టోక్ అభిమానుల ముందు ప్రత్యర్థి గోల్‌లో నిలబడటమే వారికి కోపం తెప్పించే పని. అది చాలదన్నట్టు ఆయన తన పాత స్టోక్ చొక్కా తొడుక్కుని వచ్చారు. స్టోక్ వారు కొట్టిన బంతులన్నీ ఆపుతూ పోయారు. పోర్ట్ వేల్ 2-0 ఆధిక్యంలో ఉండగా జనం మైదానంలోకి దూసుకువచ్చి, రూస్‌ను ఎత్తుకుని పక్కనే ఉన్న ట్రెంట్ నది వైపు లాక్కెళ్లారు. పోలీసులు కలగజేసుకోవడంతో బయటపడ్డారు. మ్యాచ్ మధ్యలోనే ఆగిపోయింది.

దీన్ని సరదా కథగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో రూస్ తప్పు కనిపిస్తుంది. ఏళ్ల తరబడి తన కోసం చప్పట్లు కొట్టినవారిని, క్లబ్బు దివాలా తీసి లీగ్ నుంచే తప్పుకున్న దుఃఖంలో ఉన్నవారిని, అలా రెచ్చగొట్టనక్కరలేదు.

వేల్స్ జట్టుకు ఆయన ఏం చేశారు?

అప్పట్లో ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ ఏటా పోటీపడేవి. వేల్స్ చిన్న దేశం, ఎక్కువగా ఓడే దేశం. 1905లో రెక్సమ్‌లో స్కాట్లండ్‌ను 3-1తో ఓడించింది. స్కాట్లండ్‌పై అది వేల్స్ తొలి విజయం. 1907లో ఐర్లండ్‌ను 3-2తో, స్కాట్లండ్‌ను 1-0తో ఓడించి, ఇంగ్లండ్‌తో 1-1 డ్రా చేసుకుని తొలిసారి ఛాంపియన్‌షిప్ గెలిచింది. ముందు వరుసలో బిల్లీ మెరెడిత్, వెనుక రూస్. మెరెడిత్ బొగ్గుగనిలో పని చేసి వచ్చిన ప్రొఫెషనల్, ఆటగాళ్ల హక్కుల కోసం సంఘం పెట్టడానికి పోరాడిన మనిషి. రూస్ జీతం తాకని అమెచ్యూర్. ఆ రోజుల ఫుట్‌బాల్‌లోని రెండు లోకాలూ ఒకే ఎర్ర చొక్కా తొడుక్కున్నాయి.

మరుసటి ఏడాదే కథ తిరగబడింది. 1908 మార్చిలో రెక్సమ్‌లో ఇంగ్లండ్‌తో ఆడుతుండగా తొలి నిమిషాల్లోనే రూస్ గాయపడ్డారు. ఒక డిఫెండర్ గోల్‌లో నిలబడ్డాడు. తరువాత ఇంగ్లండ్ వారు ఉదారంగా ఒప్పుకోవడంతో, మ్యాచ్ చూడటానికి వచ్చిన బోల్టన్ కీపర్ డై డేవీస్ రెండో సగంలో దిగారు. వేల్స్ 7-1తో ఓడింది.

బెల్‌ఫాస్ట్‌లో చేతికి కట్టు కట్టుకుని వచ్చిన సంగతి?

1909లో ఐర్లండ్‌తో మ్యాచ్‌కు రూస్ చేతికి పెద్ద కట్టుతో దిగారు. వేళ్లు విరిగాయని, అయినా ఆడతానని విలేకరులకు చెప్పారు. వార్త పాకింది. ఆట మొదలయ్యే ముందు కట్టు విప్పితే చెయ్యి శుభ్రంగా ఉంది. వేల్స్ 3-2తో గెలిచింది. ప్రత్యర్థిని ఏమార్చడం ఒక ఎత్తు, జనాన్ని మైదానానికి రప్పించడం ఇంకో ఎత్తు. రూస్ రెండూ తెలిసిన మనిషి.

చొక్కా ఉతికేవారు కాదట?

జట్టు చొక్కా కింద పాత అబెరిస్ట్‌విత్ చొక్కాను అదృష్టం కోసం తొడుక్కునేవారని, దాన్ని ఉతకనిచ్చేవారు కాదని చెబుతారు. ఆట మందగించినప్పుడు గోల్ వెనుక ప్రేక్షకులతో కబుర్లు చెప్పేవారని, క్రాస్‌బార్ పట్టుకుని వేలాడేవారని కూడా అంటారు.

గోల్‌కీపర్ చెయ్యి వాడే హక్కును తగ్గించిన 1912 నియమం రూస్ వల్లే వచ్చిందా?

చాలాచోట్ల అలాగే రాస్తారు. నేను పూర్తిగా ఒప్పుకోను. రూస్ దారి చూపారు, నిజం. కానీ 1912 నాటికి ఆ దారిలో నడిచేవారు చాలామంది ఉన్నారు. 1910లో స్కాట్లండ్‌లో థర్డ్ లానార్క్, మదర్‌వెల్ మధ్య జరిగిన మ్యాచ్‌లో రెండు జట్ల గోల్‌కీపర్లూ గోల్స్ కొట్టారు. జేమ్స్ బ్రౌన్లీ, క్లెమ్ హాంప్టన్ వారి పేర్లు. మధ్యగీత దాకా చేత్తో బంతి తెచ్చి తన్నడం అప్పటికి ఒక అలవాటుగా మారుతోందని దీన్నిబట్టి తెలుస్తుంది. ఫుట్‌బాల్ చేతులతో ఆడే ఆటగా మారిపోతుందన్న ఆందోళన సహజం. నియమం మార్చి పెనాల్టీ ఏరియాకు పరిమితం చేశారు.

ఆ నియమం అమలయ్యేసరికి రూస్ పెద్ద ఆట ముగిసింది. ఆయన చివరి లీగ్ సీజన్ 1911–12. వయసు 34. మణికట్టు దెబ్బ తరువాత పాత వేగం లేదు. ఆయన ఆటకు ఆధారమైన నియమమూ ఆయన ఆటా ఒకే వేసవిలో వెళ్లిపోయాయి.

యుద్ధంలో ఏం జరిగింది?

1914లో యుద్ధం మొదలవగానే సైనిక వైద్యదళంలో చేరారు. ఫ్రాన్స్‌లో, తరువాత టర్కీలోని గల్లిపోలిలో పని చేశారు. 1916లో రాయల్ ఫ్యుజిలియర్స్ తొమ్మిదో పటాలంలో మామూలు సిపాయిగా చేరి మళ్లీ ఫ్రాన్స్ వెళ్లారు.

ఆ ఆగస్టులో పొజియేర్ దగ్గర కందకాల్లో ఉండగా జర్మన్లు మంటలు చిమ్మే యంత్రాలతో దాడి చేశారు. ముందు వరుస కందకాల్లోకి రూస్ రావడం అదే మొదటిసారి. పొగకు ఊపిరాడలేదు, బట్టలు కాలిపోయాయి. అలాగే కందకం వెంట వెనక్కి చేరుకున్నారు. వైద్యశిబిరానికి వెళ్లమంటే వెళ్లలేదు. చెయ్యి ఇక లేవదు అనేదాకా చేతిబాంబులు విసురుతూనే ఉన్నారు. తరువాత తుపాకీ తీసుకున్నారు. ఇవన్నీ పటాలం రికార్డులో ఉన్న వివరాలు, అభిమానులు అల్లినవి కావు. ఆ ధైర్యానికి మిలిటరీ మెడల్ వచ్చింది. లాన్స్ కార్పొరల్‌గా పదోన్నతి ఇచ్చారు.

1916 అక్టోబరు 7న గ్యూడ్‌కూర్ దగ్గర దాడిలో చనిపోయారు. శరీరం దొరకలేదు.

అంత పేరున్న మనిషి చివరి రోజులు అన్నేళ్లు మరుగున ఎందుకు పడ్డాయి?

ఒక్క అక్షరం వల్ల. సైనిక పత్రాల్లో ఆయన ఇంటిపేరు 'రూస్' (Roose) బదులు 'రౌజ్' (Rouse) అని పడింది. సోమ్‌లో చనిపోయి సమాధి దొరకని 72,000 మందికి పైగా సైనికుల పేర్లు చెక్కిన థీప్వాల్ స్మారకం మీద కూడా అలాగే చెక్కారు. రూస్ పేరు కోసం వెతికినవారికి ఆయన దొరకలేదు. గల్లిపోలిలో చనిపోయారని చాలాకాలం నమ్మారు. బ్రిటన్ వార్తాపత్రికలన్నీ సరిగ్గా రాసిన పేరును సైన్యం తప్పు రాసింది.

ఇప్పటి గోల్‌కీపర్లతో ఆయన్ను పోల్చవచ్చా?

షాట్లు ఆపే నైపుణ్యాన్ని పోల్చలేం. అప్పటి తోలు బంతి వాన పడితే నీరు పీల్చి బరువెక్కేది. మైదానం బురదమయం. ఇప్పటి తేలికపాటి బంతి, పట్టు జారని గ్లవ్స్, కీపర్లకు ప్రత్యేక శిక్షకులు, ఇవేవీ లేవు. భుజం దెబ్బలు తినే కీపర్‌నూ, తాకితేనే రిఫరీ ఈల వేసే కీపర్‌నూ పక్కపక్కన నిలబెట్టడం ఇద్దరికీ అన్యాయమే.

కానీ జర్మనీ గోల్‌కీపర్ మాన్యుయెల్ నోయర్ పెనాల్టీ ఏరియా దాటి పరుగెత్తుకొచ్చి, ఫార్వర్డ్ కన్నా అర క్షణం ముందు బంతిని తన్నేసినప్పుడు చూడండి. 2014 ప్రపంచకప్పులో అల్జీరియాపై ఆయన అలా ఎన్నిసార్లు వచ్చారో గుర్తు తెచ్చుకోండి. అందరూ అదేదో కొత్త విద్య అన్నట్టు ఆశ్చర్యపోయారు. 1912 నియమం కీపర్ నుంచి తీసుకున్నది చేతి వాడకాన్నే. ముందుకు రావద్దని ఏ నియమమూ ఎప్పుడూ చెప్పలేదు. అయినా కీపర్లు దశాబ్దాల పాటు గీతకు అంటుకుని ఉండిపోయారు. నోయర్ కాలితో చేసిన పనిని రూస్ చేత్తో చేశారు. బయలుదేరే ముందు ఇద్దరూ వేసుకున్న లెక్క మాత్రం ఒక్కటే: బంతి ఎంత వేగంగా వస్తోంది, అవతలివాడు ఎంత దూరంలో ఉన్నాడు, నేను ముందు చేరగలనా?